సబ్బుతోనే కడిగామని చెప్పాను

మా అమ్మ లెక్కలో చావు లేనివి రెండే. ఒకటి దేవుడు, రెండోది స్టీలు. ఏన్కూరు దగ్గర మా తండాలో అందరి ఇళ్లలోనూ ఇత్తడి బిందెలు, సత్తు గిన్నెలు ఉన్న రోజుల్లో, సైకిలు మీద వచ్చే సామాన్లాయనకు పాత చీరలు, మా నాన్న పాత ప్యాంట్లు వేసి ఆమె ఒక్కొక్క స్టీలు గిన్నె కూడబెట్టింది. బేరానికి ముందు ఒక పరీక్ష ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి గిన్నెకు ఆనించేది. అంటుకుంటే ఇనుము కలిసిందని తిరగ్గొట్టేది. అంటుకోకపోతే అసలు స్టీలు. మా తండాలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరైనా స్టీలును అలాగే చూసి కొనేవారు. సామాన్లాయన కూడా కాదనేవాడు కాదు.

ఒకసారి ఇంటికి వచ్చిన గిన్నె మనవరాళ్లదాకా ఉంటుందని అమ్మ అనేది. చింతపులుసు పోసినా నల్లబడదు, వానలో మర్చిపోయినా చిలుము పట్టదు, తోమడానికి చింతపండు దండగ లేదు. నేను ఆ మాట నమ్మే పెరిగాను. అలాంటి వస్తువును నేను మాత్రం ఏం పాడు చేయగలను అనుకున్నాను. అయితే నేను చేసిన పనికి అమ్మ నమ్మకాన్ని సాకుగా చూపడం లేదు. ఆ సాకు తప్పులో మొదటి సగానికే సరిపోతుంది. రెండో సగం పూర్తిగా నా సొంతం.

ఆరేళ్ల కిందట నేను భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా ఉన్నాను. అక్కడి బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. బిందెలో పట్టి ఉంచితే పొద్దుటికి పైన ఎర్రటి తెట్టు కట్టేది. పిల్లల తెల్ల చొక్కాలు రెండు ఉతుకులకే ఇటుక రంగుకు తిరిగేవి. తాగేనీళ్ల కోసం ఉన్న ఇనప ట్యాంకు అడుగు తుప్పుకు ఊడిపోతుంటే, ఏటా ఒకరిని పిలిచి మాసిక వేయించేవాళ్లం. చివరకు నీళ్లు వడగట్టే మిషను, దాని పక్కన పెట్టుకోవడానికి ఒక స్టీలు ట్యాంకు మంజూరయ్యాయి. ఆ ట్యాంకు చేయడానికి మణుగూరు నుంచి ఒక వెల్డరు వచ్చాడు.

ఆయనది బొగ్గు గనుల్లో పనికోసం కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రి గనిలో చేశాడు. ఈయన మాత్రం భూమి కిందికి దిగకుండా వెల్డింగు నేర్చుకుని, కాలనీ బయట సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవాడు. స్టీలు పని కోసం ఆయన దగ్గర వేరే సంచి ఉండేది. అందులో వేరే బ్రష్షు, వేరే గ్రైండింగ్ రాయి. మా గేటు కీలు పట్టేసిందని, ఆ రాయితోనే కాస్త అరగదీయమని అడిగితే ససేమిరా అన్నాడు. ఇనప రజను స్టీలుకు అంటితే అంటిన చోటల్లా తుప్పు లేస్తుందట. మీ బ్రష్షుకు మా ఊరి పూజారి కన్నా మడి ఎక్కువ అన్నా, అని నేను ఎగతాళి చేస్తే నవ్వి, ఇంకో సంచిలోంచి మామూలు రాయి తీసి గేటు బాగుచేశాడు.

ట్యాంకును షెడ్డులోనే చేసి, ట్రాలీ ఆటోలో గోదావరి వంతెన మీదుగా తెచ్చి నిలబెట్టాడు. బయట అద్దంలా ఉంది. లోపల మాత్రం అతుకుల వెంట గోధుమ రంగు, నీలం రంగు చారలు కనిపించాయి. వెల్డింగు వేడికి స్టీలు అలా రంగు మారుతుందని, దాన్ని తీసే పేస్టు అయిపోయిందని, విజయవాడ నుంచి వస్తోందని, గురువారం వచ్చి తానే శుభ్రం చేస్తానని చెప్పాడు. అప్పటిదాకా చెయ్యి పెట్టొద్దన్నాడు. ఎందుకని అడిగాను. నాకు ఎవరైనా వద్దంటే ఎందుకో తెలుసుకోకుండా ఉండబుద్ధి కాదు.

"దీని మీద కంటికి కనవడని పొర ఒకటి ఉంటది మేడమ్. గీసుకపోయినా గాలి తగిలితే దానంతట అదే మళ్ల కట్టుకుంటది. గా పొర ఉన్నన్ని దినాలు తుప్పు రాదు. బాత్‌రూముల పోసే ఆసిడ్ ఉన్నది సూడుండ్రి, గది పడితే మాత్రం పొర తినేస్తది. పైకి తళతళ మెరుస్తది గానీ లోపల సూది పొడిచినట్టు బొక్కలు పడ్తయి. సబ్బు, పీచు, గంతే."

అర్థమైందని తలూపాను. నిజంగానే అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేకుండా పోయింది ఆ రోజే.

సోమవారం పొద్దున ఫోను వచ్చింది, మరునాడు మా పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని. ఆయనకు మూతలెత్తి చూసే అలవాటు. పప్పు డబ్బా మూత, నూనె డబ్బా మూత, నీళ్ల ట్యాంకు మూత, ఏదీ వదలడు. అంతకుముందు వారమే పక్క హాస్టలు వార్డెనును ట్యాంకులో పాకుడు ఉందని అందరి ముందూ కడిగేశాడు. కొత్త ట్యాంకులో నీలం చారలు చూసి ఏమంటాడోనని భయపడ్డాను. పీచుతో రుద్దించాను, పోలేదు. గిన్నెలు తోమే పొడితో రుద్దించాను, పోలేదు. అప్పుడు బాత్‌రూము ఆసిడు సీసా తెమ్మని వంటమ్మకు చెప్పాను.

ఆమె హాస్టలుకు దగ్గరి ఊరి మనిషే. నా కన్నా వయసులో చిన్నది, హాస్టల్లో నా కన్నా పాతది. వెల్డరు వద్దన్నాడు గదా అని నసిగింది. వార్డెను ఆయనా నేనా అని అడిగాను. ఆమె సీసా తెచ్చింది. సీసా ట్యాంకులో గుమ్మరించి, పొడుగు కర్రకు పీచు కట్టి రుద్దాం. పొగ లేచింది, ముక్కు మండింది, చారలు మాత్రం మంత్రం వేసినట్టు మాయమయ్యాయి. అంతలో ఒక పిల్ల జ్వరంతో కళ్లు తిరిగి పడిపోయిందని కేక. దాన్ని ఆటోలో వేసుకుని దవాఖానాకు పోయాను. తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. ట్యాంకు కుళాయి అడుగుకు అంగుళం పైన ఉంటుంది. దాని కిందున్నది దానంతట బయటికి పోదు. అడుగున మిగిలిన ఆసిడు పొద్దుటినుంచీ అతుకు మీద అలాగే నిలిచి ఉంది. కంగారుగా గుడ్డతో ఒత్తి తీయించి, రెండుసార్లు నిండా నింపి పారబోసి, మూడోసారి పట్టిన నీళ్లే పిల్లలకు వదిలాను. ఆ విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాను.

మంగళవారం ఆఫీసరు మూతెత్తి టార్చి వేసి చూశాడు. హాస్టలంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకెంత తియ్యగా ఉందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. పైన పటారం లోన లొటారం అని ఎందరినో వెక్కిరించాను. ఆ పూట ఆ మాట గుర్తుకు రాలేదు.

గురువారం వెల్డరు పేస్టు డబ్బాతో, రబ్బరు గ్లోవ్సుతో దిగాడు. ట్యాంకులో తల పెట్టి చాలాసేపు చూశాడు. ఎవరు కడిగారు, దేనితో కడిగారని అడిగాడు. నేను ఆసిడుతో అని ఉంటే ఆయన మహా అయితే విసుక్కునేవాడు, అంతే. కానీ అక్కడ వంటమ్మ ఉంది, స్వీపరు ఉంది, పెద్ద క్లాసు పిల్లలు నలుగురు ఉన్నారు. వాళ్ల ముందు ఒక వెల్డరుతో మాట పడటం నాకు ఇష్టం లేకపోయింది. సబ్బు, పీచు అని చెప్పాను. ఇది సబ్బుకు పోయే రంగు కాదే అని ఆయన తనలో తాను అనుకున్నాడు. నమ్మకపోతే వంటమ్మను అడగమన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా సబ్బేనంది. అలా నా అబద్ధం ఆమె చేత కూడా చెప్పించాను. ఆయన పేస్టు డబ్బాను మూత తీయకుండానే సంచిలో పెట్టుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ట్యాంకు కింద గచ్చు తడిగా కనిపించింది. కుళాయి కారుతోంది అనుకున్నాం. కాదు. అడుగు అతుకు వెంట నువ్వుగింజలంత ఎర్రటి చుక్కలు, ఒక్కొక్క చుక్క కింద ఒక నీటి బొట్టు. చూడగానే నాకు తెలిసిపోయింది. ఆఫీసరుకు కబురు నేను చేయకముందే చేరింది. ఆయన ఆ ఏడు ఇంకో నాలుగు హాస్టళ్లకు అదే వెల్డరుతో ట్యాంకులు చేయిద్దామని అనుకుంటున్నాడు. అందుకని స్వయంగా వచ్చాడు, వెల్డరును కూడా పిలిపించాడు.

ఎవరూ నన్ను ఏమీ అనకముందే నేను మొదలుపెట్టాను, స్టీలు అసలుది కాదు సార్ అని. మా అమ్మ అయస్కాంతం నా దగ్గరే, బీరువా తలుపుకు కాగితాలు పెట్టుకోవడానికి ఉండేది. తెచ్చి అందరి ముందూ ట్యాంకు రేకుకు ఆనించాను. అంటుకోలేదు. చెయ్యి కాస్త కిందికి దించి అతుకు మీద పెట్టాను. అక్కడ మెల్లగా గుంజింది. చూడండి, చూడండి, కలిపింది ఇక్కడే అన్నాను. అక్కడున్న వాళ్లంతా ఇళ్లలో స్టీలును అలాగే చూసి కొన్నవాళ్లు. ఇక వాళ్లకు వేరే రుజువు ఏం కావాలి?

అతుకు దగ్గర కొంచెం గుంజడం వెల్డింగు గుణమని, అతుకులో కరిగించే రాడ్డు మంచిది వాడినా అంతేనని వెల్డరు చెప్పాడు. అది నిజమని నాకు తర్వాత తెలిసింది. అడిగితే అన్నీ గుణాలే చెబుతారు అని ఆఫీసరు నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు. వెల్డరు ఆ నవ్వు ఆగేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఒక్కటే అడుగుత. ఆసిడ్ గిట్ల ఏమన్న పోసిండ్రా?"

ఆయన గొంతులో నిందలేదు. డాక్టరు రోగిని అడిగినట్టు అడిగాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట. అవునంటే సరిపోయేది.

"పోయలే అన్నా. సబ్బుతోనే కడిగినం."

ఆయన నా మొహంలోకి చూసి తలూపాడు. "మేడమ్ చెప్పిందంటే గదే అయ్యుంటది సార్. నా రాడ్డులనే ఏదో లోపం ఉన్నట్టున్నది" అన్నాడు. నా అబద్ధాన్ని నమ్మినవాడు, దాని కోసం తన చేతిని అనుమానించుకున్నాడు. అదే రోజు ఆఫీసరు అడిగితే, అతుకులకు నాసిరకం రాడ్డు వాడినందున ట్యాంకు కారుతోందని రిపోర్టు నా చేత్తోనే రాశాను. కింద వెల్డరు కూడా సంతకం చేశాడు. నాలుగు హాస్టళ్ల పని వేరేవాళ్లకు పోయింది.

వారంలోపే ఆయన ట్యాంకును తీసుకుపోయి, అడుగు రేకు మొత్తం కోసేసి కొత్తది వేసి తెచ్చాడు. ఈసారి పేస్టుతో తుడిచి, నీళ్లతో కడిగి మరీ అప్పజెప్పాడు. నేను ఆఫీసు గదిలోంచి బయటికి రాలేదు, పనున్నట్టు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. తర్వాత ఒకరోజు వంటమ్మ కూర తరుగుతూ చెప్పింది, తమ ఊరి బడికి ఆ వెల్డరు వచ్చాడట. అంతకుముందు ఎప్పుడో అక్కడ చేసిన ట్యాంకులోకి దిగి, టార్చి వేసి అతుకులన్నీ వేలితో తడిమి చూశాడట. ఎందుకని అడిగితే, తన రాడ్డులు చెడ్డవని తేలిందని, తాను చేసినవన్నీ చూసుకోవాలని అన్నాడట. చర్ల దారిలో, వెంకటాపురం దారిలో, ఎక్కడెక్కడ ట్యాంకులు చేశాడో అక్కడికల్లా మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడని చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే ఆమె మీద విరుచుకుపడ్డాను, ఊళ్లో సంగతులు తర్వాత, ముందు అన్నం మాడకుండా చూడమని. అన్నం ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు.

మరుసటేడు నాకు పెనుబల్లి వైపు బదిలీ అయింది. కొత్త చోట, కొత్త పిల్లలు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ, స్టీలు లేని చోటు ఎక్కడుంది? పొద్దున లేస్తే పళ్లేలు, గ్లాసులు, గరిటెలు, మెట్ల పక్క రెయిలింగు, చివరకు దవాఖానాలో సూదులు పెట్టే ట్రే కూడా అదే. మా ఇంట్లో వంటింటి సింకు శుభ్రం చేయడానికి వచ్చిన ప్లంబరు సంచిలోంచి ఆసిడు సీసా తీస్తే, వీధిలో వాళ్లు బయటికి వచ్చి చూసేంతగా అరిచాను. పొర పోతుంది, బొక్కలు పడతాయి అని పాఠం చెప్పాను. ఆ పాఠం నాకు చెప్పిన మనిషికి నేను ఏం చేశానో ప్లంబరుకు తెలియదు కాబట్టి పాపం బుద్ధిగా విన్నాడు.

ఈ ఏడు మార్చిలో వంటమ్మ ఫోను చేసింది. ఆమె కొడుక్కి మణుగూరులో ఉద్యోగం వచ్చింది, చిన్న ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి రమ్మంది. వెళ్లాను. భోజనాలయ్యాక నా చేతిలో వక్కపొడి పెడుతూ, వేరే ఎవరూ వినకుండా అంది, "ఆయన షెడ్డు రెండు గల్లీల అవతల్నే ఉన్నది మేడమ్. నేను గూడ అబద్ధం ఆడిన గద. మీరు పోయి నిజం చెప్తేనే నా పాపం గూడ పోతది." ఆరేళ్లుగా ఆమె కూడా మోస్తోందని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

షెడ్డులో ఆయన ఇనప గేటుకు రంగు వేస్తున్నాడు. కళ్లద్దాలు వచ్చాయి, ఒళ్లు తగ్గింది. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేశాడు. చుట్టూ గేట్లు, గ్రిల్లులు, కిటికీ ఊచలు. స్టీలు ముక్క ఒక్కటీ కనిపించలేదు. స్టీలు పని చేయడం లేదా అన్నా అని అడిగాను. మీ ట్యాంకు తర్వాత నాలుగు నెలలకే బంద్ చేశానన్నాడు. చేసిన మిగతా పదకొండు ట్యాంకులూ చూశాడట, ఒక్కటీ కారలేదట. మరి మీదొక్కటే ఎందుకు కారిందో అంతు దొరకలేదు, అంతు దొరకని పని పిల్లలు తాగే నీళ్ల మీద చేయబుద్ధి కాలేదు అన్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య నీళ్లు తెచ్చింది. ఆమె నిలబడి ఉండగానే చెప్పేశాను. ఆసిడు పోసింది నేనే అన్నా, ఎంత సేపో కూడా చెప్పాను, పొద్దుటి నుంచి నాలుగింటిదాకా.

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఏ సీసా అని అడిగాడు. నీళ్లు కలిపారా, అడుగున ఎంత మిగిలింది, తర్వాత ఎన్నిసార్లు కడిగారు అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నీ విని లోపలికి పోయి గుడ్డలో చుట్టిన రేకు ముక్క తెచ్చాడు. మా ట్యాంకు నుంచి కోసిన అడుగు. ఎర్రచుక్కల చుట్టూ చాక్‌పీసుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒక్కొక్క చుక్కనూ వేలితో చూపించి, ఇక్కడ నిలిచింది, ఇక్కడ నిలిచింది అనుకుంటూ పోయాడు. చివరకు ఆ రేకును గేటుకు ఆనించి పెట్టి, కళ్లద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"అంటే నా చెయ్యి తప్పు చెయ్యలే" అన్నాడు. భార్య వైపు తిరిగి మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత నాతో, "చెప్పి మంచి పని చేసిండ్రు మేడమ్" అని, ఛాయ్ పెట్టమని ఆమెకు చెప్పాడు. నాకు దండం పెట్టినంత పని చేశాడు. ఆ మనిషి నన్ను నాలుగు తిట్టి ఉంటే నేను తేలిగ్గా బస్సెక్కేదాన్ని. మళ్లీ స్టీలు పని మొదలుపెట్టమని అన్నాను. కళ్లు సరిగ్గా ఆనడం లేదు, సన్నటి అతుకు కనపడదు, ఇక గేట్లే అని నవ్వాడు. నిజంగా సంతోషంగానే నవ్వాడు.

ఛాయ్ తాగాను. ఆయన భార్య నన్ను సాగనంపడానికి గల్లీ మలుపుదాకా వచ్చింది. అక్కడ ఆగి అడిగింది.

"అబద్ధం నలుగురి ముందట చెప్పినవు గదమ్మా. నిజం మా ఇంట్లకొచ్చి చెప్తే సరిపోతదా?"

సరిపోదని చెప్పాను. ఆఫీసులో చెబుతానని, ఆ రిపోర్టు తప్పని రాసిస్తానని మాటిచ్చాను. ఆమె నమ్మినట్టు తలూపలేదు, నమ్మనట్టూ చూడలేదు. వెనక్కి వెళ్లిపోయింది.

అది మార్చి. ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఆ ఆఫీసరు ఇప్పటికీ అదే ఆఫీసులో, ఇంకో మెట్టు పైన ఉన్నాడు. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. అర్జీ మూడుసార్లు రాశాను, నా పేరు, వెల్డరు పేరు, తేదీతో సహా. ఆ ఆఫీసులో ఇద్దామని భద్రాచలం బస్సు ఒకసారి ఎక్కాను కూడా, కొత్తగూడెంలో దిగి వెనక్కి వచ్చాను. ఇక్కడ ఎవరి పేరూ రాయకుండా చెప్పుకోవడం తేలికగానే ఉంది. ఆఫీసు ఫైలులో మాత్రం తప్పు ఇంకా వెల్డరు పేరునే ఉంది.